ఉద్దానంలో బియ్యం కార్డు దరఖాస్తులు: ఒక ప్రాజెక్టు డైరీ

2025 మే

గ్రామ, వార్డు సచివాలయాల్లో బియ్యం కార్డు (రేషన్ కార్డు) సేవలు ఈ నెల 7 నుంచి మళ్లీ మొదలయ్యాయి. 2024 ఎన్నికలకు ముందు నిలిచిపోయిన సేవలు కావడంతో, ఏడాదికి పైగా జరిగిన పెళ్లిళ్లు, పుట్టిన పిల్లలు, వేరుపడిన కాపురాలు ఏవీ కార్డులకు ఎక్కలేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని మా మండలంలో ఏ సచివాలయం ముందు చూసినా పొద్దున్నే జనం చేరుతున్నారు. కొత్త కార్డు, సభ్యుల చేర్పు, కార్డు విభజన, చిరునామా మార్పు, తప్పుగా జతపడిన ఆధార్ సవరణ వంటి సేవలన్నీ ఒకేసారి తెరవడం వల్ల ఒత్తిడి అంతా ఒక్క డిజిటల్ అసిస్టెంట్ కంప్యూటరు మీద పడింది.

ఈ పనికి మేం నలుగురం పూనుకున్నాం. నేను విశాఖపట్నంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ వారాంతాల్లో ఊరికి వస్తుంటాను. మాతో డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన, జీడి పరిశ్రమలో చాలాకాలం పనిచేసి మానేసిన ఒక అక్క, డిగ్రీ పూర్తిచేసి పోటీ పరీక్షలకు చదువుకుంటున్న ఒక తమ్ముడు ఉన్నారు. మండల అధికారుల అనుమతితో ఒక సచివాలయంలో బల్ల వేసుకుని, దరఖాస్తు పెట్టినవారికి అది ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో, దాన్ని కదిలించగల కార్యాలయం ఏదో తెలిసేలా చేయడమే మా పని అని నిర్ణయించుకున్నాం. అంతకు మించి దేనికీ హామీ ఇవ్వకూడదని మొదటి రోజే అనుకున్నాం, ఎందుకంటే కార్డు మంజూరు మా చేతిలోని విషయం కాదు.

నేను యాప్ చేద్దామన్నాను. పెద్దాయన ఒప్పుకోలేదు. “యాప్ చేస్తే వాళ్ల ఫోన్లో ఇంకొకటి చేరుతుంది బాబూ, ముందు రిజిస్టరు పెట్టు” అన్నారు. అలా మా ఆధునికీకరణ రెండు వందల పేజీల గీతల పుస్తకంతో ఆరంభమైంది. అందులో ఆధార్ సంఖ్యలు రాయకూడదని కట్టడి చేసుకున్నాం. దరఖాస్తుకు వచ్చే ‘టీ’ నంబరు (దాని గుర్తింపు సంఖ్య), ఫోను చివరి నాలుగు అంకెలు, అడిగిన సేవ, ప్రస్తుత దశ, ఆగడానికి కారణం, మళ్లీ రావలసిన తేదీ ఉంటే మాకు సరిపోతుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సంగతి అలా ఉంచినా, పక్క ఊరివారి ఆధార్ సంఖ్యల జాబితా మా ఇంట్లో ఉండటం ఏ రకంగానూ మంచిది కాదు.

మే చివర

బల్ల దగ్గర కూర్చున్నాక దరఖాస్తు నడక మొత్తం కాగితం మీద గీశాం. డిజిటల్ అసిస్టెంట్ వివరాలు నమోదు చేస్తారు, కుటుంబ సభ్యులందరి ఈకేవైసీ (ఆధార్ బయోమెట్రిక్‌తో గుర్తింపు నిర్ధారణ) జరుగుతుంది, వీఆర్వో విచారణ చేస్తారు, చివరికి తహసీల్దారు లాగిన్‌లో ఆమోదమో తిరస్కరణో పడుతుంది. మొత్తానికి 21 రోజుల గడువు ఉంది. ఇంతవరకు ఎవరిని అడిగినా చెబుతారు. జనానికి కనిపించని భాగం మధ్యలో ఉంది. దానికి అందరూ పెట్టుకున్న పేరు ‘ఆరు దశల ధ్రువీకరణ’, వాడుకలో ‘సిక్స్ స్టెప్’. కుటుంబంలో ఎవరికైనా మాగాణి 3 ఎకరాలకు, మెట్ట 10 ఎకరాలకు మించి భూమి ఉందా, పట్టణంలో పరిమితికి మించిన కట్టడం ఉందా, నాలుగు చక్రాల వాహనం ఉందా, ప్రభుత్వ ఉద్యోగం లేదా పింఛను ఉందా, ఆదాయపు పన్ను కట్టారా, నెలకు సగటున 300 యూనిట్లు దాటి కరెంటు వాడారా అన్న ఆరు ప్రశ్నలకు సమాధానం ఆయా శాఖల డేటాబేసుల నుంచి ఆధార్ సంఖ్య ఆధారంగా వస్తుంది. దరఖాస్తుదారును ఎవరూ ఏమీ అడగరు. యంత్రం అడిగేది యంత్రాన్నే.

ఈ పద్ధతిని పూర్తిగా తప్పుపట్టలేను. ఒకప్పుడు తెల్లకార్డు కావాలంటే ఎవరి సిఫారసు కావాల్సి వచ్చేదో, ఆ సిఫారసుకు ఏం ఇచ్చుకోవాల్సి వచ్చేదో ఉద్దానంలో పెద్దవాళ్లెవరినడిగినా చెబుతారు. శాఖల సమాచారాన్ని పోల్చి చూడటం వల్ల ఆ దారి చాలావరకు మూసుకుపోయింది. అయితే యంత్రం ‘అనర్హత’ అన్నప్పుడు దాని దగ్గరున్న సమాచారం తప్పు కావచ్చునన్న ఊహకు ఈ నడకలో ఎక్కడా చోటు లేదు. వీఆర్వో ఇంటికి వచ్చి రేకుల కప్పు చూసినా, తెర మీద వచ్చిన ఎర్ర గుర్తును ఆయన చెరపలేరు.

జూన్

ఈ నెల 1 నుంచి ఇంటింటికీ తిరిగే రేషన్ బళ్లు ఆగిపోయి, సరుకులు మళ్లీ చౌక ధరల దుకాణాలకు వచ్చాయి. 2021 జనవరిలో మొదలైన ఆ 9,260 వాహనాల పద్ధతి మంచిదా, దుకాణం మంచిదా అన్న వాదన బల్ల దగ్గర రోజూ నడుస్తోంది. మా అక్క అభిప్రాయం స్పష్టం: బండి పగలు వచ్చేది, ఆ వేళ ఆడవాళ్లంతా జీడి కర్మాగారంలో ఉండేవారు, ఇప్పుడు దుకాణం 1వ తేదీ నుంచి 15 వరకు ఉదయం 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8 దాకా తెరిచి ఉంటోంది కనుక పని దిగి వస్తూ తెచ్చుకోవచ్చు. 65 ఏళ్లు దాటినవారికి, దివ్యాంగులకు ఇంటికే ఇవ్వాలన్న నిబంధన ఉంది. అది ఊరినిబట్టి, డీలరునుబట్టి నడుస్తోంది.

ఈ వాదన వింటున్నప్పుడు ఒక విషయం బోధపడింది. పదేళ్లుగా ఆహార పంపిణీలో వచ్చిన మార్పులన్నీ కార్డు ఉన్నవారికి బియ్యం ఎలా చేరాలన్న దాని చుట్టూనే తిరిగాయి. 2015లో మన రాష్ట్రంలో వేలిముద్ర తీసుకుని సరుకు ఇచ్చే ఈపోస్ యంత్రాలు దుకాణాలకు వచ్చాయి. తర్వాత రాష్ట్రంలో ఏ దుకాణంలోనైనా తీసుకునే వీలు వచ్చింది. 2019 ఆగస్టులో, ఒక రాష్ట్రపు కార్డుతో మరో రాష్ట్రంలో సరుకు తీసుకునే ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ ప్రయోగానికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను ఒక జంటగా, గుజరాత్, మహారాష్ట్రలను మరో జంటగా తీసుకున్నారు. ఇవన్నీ నిజమైన మేళ్లే. కార్డులోకి మనిషి ప్రవేశించే ద్వారం మాత్రం అంత శ్రద్ధకు నోచుకోలేదు. పుట్టిన బిడ్డ పేరు చేరడానికి పట్టే కాలంలో ఆ బిడ్డకు రావలసిన నెలకు 5 కిలోల బియ్యం పోతూనే ఉంటుంది, వెనకటి నెలలకు ఎవరూ కట్టివ్వరు.

రిజిస్టరులో కారణాల గడి నింపడం అన్నిటికన్నా కష్టమైంది. తిరస్కరణ వచ్చినవారి ఫోనుకు చేరిన సందేశాల్లో ఏ సభ్యుని వల్ల, ఏ దశలో, ఏ శాఖ సమాచారం వల్ల అన్న మూడూ కలిసి ఉన్న సందేశం మాకు ఒక్కటీ కనిపించలేదు. ఆ వివరం డిజిటల్ అసిస్టెంట్ తెర మీద ఉంటుంది, అడిగితే ఆ అమ్మాయి ఓపిగ్గా చూసి చెబుతుంది, కానీ వరుసలో ఉన్న ప్రతివారికీ అలా చెప్పాలంటే ఆమె రోజు సరిపోదు. జీడి పని చేసే ఒకావిడ ఫోను మా ముందు పెట్టి, “సదుంకున్నోలకే అర్థం కానప్పుడు మాకేటి తెలుస్తాది బాబూ” అన్నారు. ఆమె ఫోనులోని వాక్యం నేను రెండుసార్లు చదివాను, నాకూ బోధపడలేదు.

జూన్ చివర

ఆమె కథను విడిగా రాసిపెడుతున్నాను, ఎందుకంటే తర్వాత మేం చేసిన పనంతా దాని నుంచే పుట్టింది.

ఆమెది అద్దె ఇల్లు, ఒక బల్బు, ఒక ఫ్యాను, ఒక పాత టీవీ. అనర్హతకు కారణం 300 యూనిట్లు దాటిన కరెంటు వాడకం. ప్రస్తుత ఇంటి మీటరు బిల్లులు ఆరు నెలలవి తెప్పించి చూస్తే ఏ నెలా వంద యూనిట్లు దాటలేదు. డిజిటల్ అసిస్టెంట్ తెర మీద కనిపించిన సర్వీసు నంబరు వేరే ఉంది. దాన్ని పట్టుకుని విద్యుత్ శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కార్యాలయానికి వెళితే, అది చాలాకాలం కిందట ఆమె అద్దెకున్న ఒక భవనంలోని మీటరని తేలింది. కింద దుకాణం, పైన రెండు పోర్షన్లు ఉన్న ఆ భవనంలో మీటర్లకు ఆధార్ జతచేసిన కాలంలో, ఇంట్లో ఎవరుంటే వాళ్ల ఆధార్ రాసుకుని వెళ్లినట్టున్నారు. ఆమె ఇల్లు మారారు, ఆమె ఆధార్ మాత్రం ఆ మీటరు దగ్గరే ఉండిపోయింది. కింది దుకాణంలో ఐస్‌క్రీము ఫ్రీజర్లు నడుస్తుంటే ఇక్కడ ఆమె పిల్లలకు బియ్యం రావడం లేదు.

దీన్ని సరిచేయడానికి ఆమె తన ఆధార్‌ను ఆ సర్వీసు నంబరు నుంచి తొలగించాలని విద్యుత్ కార్యాలయానికి అర్జీ ఇవ్వాలి, వారు తమ వ్యవస్థలో మార్చాలి, ఆ మార్పు ధ్రువీకరణ వ్యవస్థలోకి రావాలి, ఆ తర్వాత సచివాలయంలో మళ్లీ అర్జీ పెట్టాలి. ఇందులో ఏ మెట్టూ కష్టమైనది కాదు, ఏ అధికారీ కాదనలేదు. అయితే ఈ నాలుగు మెట్లూ ఉన్నాయని ఆమెకు చెప్పవలసిన బాధ్యత ఏ ఒక్క కార్యాలయానికీ లేదు. సచివాలయం కరెంటోళ్ల దగ్గరికి వెళ్లమంటుంది, అక్కడివారు రేషన్ సంగతి తమకు తెలియదంటారు. పైగా ప్రతి తిరుగుడుకూ ఒక రోజు కూలి పోతుంది. కార్డు వస్తే నెలకు ఆమె ఇంటికి వచ్చే బియ్యం విలువెంత, అందుకోసం పోయే కూలి ఎంత అని ఆమె లెక్క వేసుకుని కొన్నాళ్లు ఊరుకున్నారు కూడా.

జూలై

తమ్ముడు, నేను కలిసి ‘కారణాల పత్రం’ తయారుచేశాం. ఒక్కో అనర్హతకు ఒక్కో చిన్న పేరా. అందులో యంత్రం ఏం చూసింది, అది తప్పైతే సరిచేసే కార్యాలయం ఏది, ఏ కాగితం పట్టుకెళ్లాలి, అక్కడ ఏమని రాసి ఇవ్వాలి అన్నవి ఉంటాయి. భూమి విషయంలో వెబ్‌ల్యాండ్ అనే భూ రికార్డుల వ్యవస్థలో 1బీ (ఎవరి పేరిట ఎంత భూమి ఉందో చూపే పత్రం) నకలు, ఆర్వోఆర్ (భూమి హక్కుల రికార్డు) సవరణ అర్జీ. చనిపోయిన తండ్రి పేరిట పంపకం కాని భూమి అంతా ఒకే కొడుకు ఆధార్ మీద కనిపించడం మా దగ్గర తరచు ఎదురవుతోంది. వాహనం విషయంలో ఆర్సీ బదిలీ. హైదరాబాదులో క్యాబ్ నడిపి, పాత కారు అమ్మేసి ఊరికొచ్చిన కుర్రాళ్లలో ఎందరికో ఆర్సీ పేరు మారలేదు, అది తెలంగాణ రవాణా శాఖ పరిధిలో ఉన్నందున ఇక్కడి నుంచి సరిచేయించడం మరీ కష్టం. టాక్సీకి, ఆటోకు, ట్రాక్టరుకు మినహాయింపు ఉంది కాబట్టి పసుపు నంబరు ప్లేటు ఉన్నవారు భయపడనక్కరలేదన్న వాక్యం పెద్ద అక్షరాల్లో పెట్టాం. ఆదాయపు పన్ను విషయంలో బైకు అప్పు కోసం ఎవరో చెబితే రిటర్ను వేసి ఒక్క రూపాయి కూడా పన్ను కట్టనివారు ఉన్నారు. రిటర్ను వేయడం వేరు, పన్ను కట్టడం వేరు అని చూపడానికి ఏ కాగితం జతచేయాలో అందులో రాశాం.

మొదటి ముసాయిదాను పెద్దాయన కొట్టేశారు. నేను రాసింది జీవోలా ఉందట. అక్క వాక్యాలను బిగ్గరగా చదివి, బల్ల దగ్గరికి వచ్చినవారితో తిరిగి చెప్పించి, వారు తడబడిన ప్రతిచోటా మార్పించింది. ‘ధ్రువీకరణలో అనర్హులుగా గుర్తించడమైనది’ పోయి, ‘మీ ఆధార్‌కు ఈ నంబరు మీటరు జతచేసి ఉంది. ఆ మీటరు మీది కాకపోతే కరెంటు ఆఫీసులో ఏఈ గారికి ఈ కాగితం ఇవ్వండి’ అన్న రూపం వచ్చింది. వాక్యం పొడవు పెరిగింది, బల్ల దగ్గర ప్రశ్నలు తగ్గాయి.

ఇదంతా ఎందుకింత పట్టుదలగా చేస్తున్నామో చెప్పడానికి తెలంగాణ అనుభవం ఒకటి చాలు. అక్కడ రాష్ట్రం ఏర్పడ్డాక వేర్వేరు శాఖల డేటాను కలిపి చూసి, ముందస్తు నోటీసు లేకుండా లక్షల కార్డులు రద్దు చేశారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లి, 2022 ఏప్రిల్‌లో దాదాపు 19 లక్షల రద్దయిన కార్డులపై క్షేత్రస్థాయిలో మళ్లీ విచారణ జరపాలన్న ఆదేశం వచ్చేదాకా ఆ కుటుంబాలకు తమ కార్డు ఎందుకు పోయిందో స్పష్టంగా తెలియలేదు. పేర్లు కలిసిపోయి, ఎవరి కారో మరొకరి ఖాతాలో పడిన ఉదంతాలు అక్కడా బయటపడ్డాయి. కోర్టు దాకా వెళ్లగలిగేవారు ఎందరుంటారు? ఆ విచారణ పని మొదటి తిరస్కరణ నాడే, ఊళ్లోనే జరగాలన్నది మా వాదన.

జూలై చివర

వేళ్ల సంగతి రాయాలి. పలాస చుట్టుపక్కల జీడిపప్పు పరిశ్రమలో పనిచేసే ఆడవాళ్లు జీడిపిక్కలు కొట్టి పప్పు తీసేటప్పుడు డొక్కులోని నూనె చేతులకు అంటుతుంది. అది చర్మాన్ని తినేసే రకం. ఆముదమో బూడిదో రాసుకుని పనిచేసినా వేలి కొనలు నల్లబడి, పొరలు లేచి, కొన్నాళ్లకు గీతలు నున్నగా అయిపోతాయి. మా అక్క తన కుడిచేతి బొటనవేలు చూపించింది. వెలుతురుకు పెట్టి చూసినా గీత కనపడదు. ఇటువంటి చేతులను ఈకేవైసీ కోసం వేలిముద్ర యంత్రం మీద పెట్టించి, ‘పడట్లేదమ్మా, రేపు రండి’ అంటే రేపు మాత్రం గీతలు ఎక్కడి నుంచి వస్తాయి?

దీనికి నియమాల్లో దారి ఉంది. ఆధార్ లేకపోయినా, వేలిముద్ర పడకపోయినా అర్హులకు సరుకు నిరాకరించరాదని, ఆ కారణంతో పేరు తొలగించరాదని కేంద్ర ఆహార, ప్రజా పంపిణీ శాఖ 2017 అక్టోబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఐరిస్ (కంటిపాపతో గుర్తింపు) పెట్టించవచ్చు, సరుకు దగ్గర వీఆర్వో ధ్రువీకరణ అనే వెసులుబాటు మన రాష్ట్రంలో తొలి నుంచీ ఉంది. కాని ఐరిస్ యంత్రం ఏ సచివాలయంలో పనిచేస్తోందో, ఏ దుకాణంలో ఉందో ఎవరి దగ్గరా ఒకచోట రాసి లేదు. తమ్ముడు మండలమంతా సైకిలు మీద తిరిగి ఆ పట్టిక రాశాడు. ఐరిస్ పనిచేసే చోట్లు, అక్కడ ఎవరిని కలవాలి, ఏ వేళల్లో తీరిక ఉంటుంది అన్నంతే ఉంది అందులో. ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా ఎక్కువమందికి ఉపయోగపడింది ఆ ఒక్క కాగితమే అనుకుంటున్నాను.

పిల్లల ఇబ్బంది వేరు. అయిదేళ్ల లోపు పిల్లలకు ఈకేవైసీ అక్కరలేదు. ఆరేళ్లు వచ్చేసరికి అడుగుతారు. పసితనంలో తీసిన ఆధార్‌లో వేలిముద్రలే ఉండవు, అయిదేళ్లు నిండాక ఒకసారి, పదిహేనేళ్లు నిండాక ఒకసారి బయోమెట్రిక్ నవీకరణ చేయించాలి. ఆ సంగతి తెలియక బడికి వెళ్లే పిల్లను సెలవు పెట్టించి తీసుకొచ్చి, యంత్రం ఒప్పుకోక తిరిగి వెళ్లే తల్లులను చూస్తున్నాం. ముందు ఆధార్ కేంద్రం, తర్వాత సచివాలయం అన్న వరుసను గోడ మీద రాయించాం.

ఆగస్టు

కారణాల పత్రాన్ని అందరికీ చేత్తో ఇస్తే చాలదు, కార్యాలయాలను ఒకచోటికి తేవాలన్నది పెద్దాయన ఆలోచన. ప్రతి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమం పీజీఆర్ఎస్‌కు మా ఊళ్ల నుంచి వెళ్లిరావాలంటే రోజంతా పోతుంది, అక్కడ ఇచ్చిన అర్జీ తిరిగి మండలానికే వస్తుంది. అందుకని మండల స్థాయిలోనే ఒక దిద్దుబాటు రోజు పెట్టమని తహసీల్దారు కార్యాలయాన్ని కోరాం. ఒప్పుకున్నారు. విద్యుత్ శాఖ నుంచి ఒకరు, రెవెన్యూ నుంచి వీఆర్వోలు, సచివాలయం నుంచి ఇద్దరు డిజిటల్ అసిస్టెంట్లు ఒకే హాలులో కూర్చున్నారు. రవాణా శాఖ వారు రాలేదు.

మా రిజిస్టరు అప్పుడు పనికొచ్చింది. ఎవరిది మీటరు సమస్యో, ఎవరిది భూమి సమస్యో ముందే తెలుసు కాబట్టి, మనుషులను పేరుపెట్టి పిలిచి ఆ బల్ల దగ్గరికే పంపాం. మీటరు కేసుల్లో ఎక్కువ భాగం అక్కడికక్కడే సర్వీసు నంబరు నుంచి ఆధార్ తొలగింపుకు నమోదయ్యాయి. భూమి కేసులు అంత తేలిక కాదు, అన్నదమ్ముల పంపకం అయితే తప్ప రికార్డు మారదు, అన్నదమ్ములు ఒకరు చెన్నైలో, ఒకరు గల్ఫులో ఉంటే ఆ హాలులో ఎవరేం చేయగలరు? ఉద్దానంలో వలస లేని ఇల్లు దొరకడం కష్టం.

జీడి పని చేసే ఆవిడ సాయంత్రం వచ్చారు. ఆమె మీటరు విడిపోయింది.

ఈ నెల 25 నుంచి రాష్ట్రంలో స్మార్ట్ రేషన్ కార్డుల పంపిణీ మొదలైంది. ఏటీఎం కార్డు పరిమాణం, క్యూఆర్ కోడ్, ఏ నాయకుడి బొమ్మా లేకపోవడం బాగున్నాయి. దాదాపు కోటీ 45 లక్షల కార్డులు అచ్చువేసి పంచడం చిన్న పని కాదు. అయితే వాటితోపాటు పాత సమాచారంలోని తప్పులూ అచ్చయి వచ్చాయి, చిరునామాలు, వయసులు, పేర్లు సరిగా లేనివారు మళ్లీ మా బల్ల దగ్గరికే వస్తున్నారు. ఒక విధంగా ఇది మంచికే, కంప్యూటరులో ఏముందో జనం తమ కళ్లతో చూసే అవకాశం ఇన్నాళ్లకు వచ్చింది.

సెప్టెంబరు

ఒడిశా కోడళ్ల సమస్యకు ఈ నెలంతా పోయింది. ఉద్దానానికి, గంజాం, గజపతి జిల్లాలకు మధ్య పెళ్లి సంబంధాలు తరతరాలుగా ఉన్నాయి. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాయే కదా. అక్కడి నుంచి వచ్చిన కోడలి పేరు పుట్టింటి రేషన్ కార్డులో ఉండిపోతుంది. ఒకే ఆధార్ రెండు కార్డుల్లో ఉండటాన్ని వ్యవస్థ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. కాబట్టి ముందు అక్కడ పేరు తీయించి, ఆ పత్రం ఇక్కడ చూపాలి. పుట్టింటివారు ఒడియాలో అర్జీ ఇవ్వాలి, అక్కడి కార్యాలయం తొలగించాలి, ఆ తొలగింపు కేంద్ర వ్యవస్థలో కనిపించాలి. ఈలోపు ఆమె ఆ ఇంట్లోనూ లేదు, ఈ కార్డులోనూ లేదు. ‘ఒకే దేశం, ఒకే కార్డు’ కింద పుట్టింటి కార్డు మీద ఆమె వంతు ఇక్కడ తీసుకోవచ్చు కదా అని ఒక అధికారి అన్నారు. నియమం ప్రకారం నిజమే. కాని ఆ కార్డు మీద అక్కడి కుటుంబం మొత్తం బియ్యం తీసుకుంటుంటే, అత్తవారింటి నుంచి తన అయిదు కిలోలు విడిగా తీసుకుంటానని ఏ ఆడపిల్ల పుట్టింటికి చెబుతుంది?

తమ్ముడి స్నేహితుడు ఒకతను బరంపురంలో చదువుకున్నాడు. అతను ఒడియాలో అర్జీ నమూనా రాసిచ్చాడు. ఒకవైపు ఒడియా, మరోవైపు తెలుగు ఉన్న ఆ కాగితం ఇప్పుడు మా బల్ల మీద ఉంటోంది. దీనికి అసలు పరిష్కారం వేరే ఉంది. ఒక రాష్ట్రంలో చేర్పు కోరగానే రెండో రాష్ట్రానికి తొలగింపు వినతి తనంతట తాను వెళ్లాలి. బ్యాంకు ఖాతా ఒక శాఖ నుంచి మరో శాఖకు మార్చుకోగలుగుతున్న దేశంలో ఇది అసాధ్యమేమీ కాదు.

రాష్ట్ర ఖజానా కోణం కూడా ఇక్కడ తగులుతుంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం కింద మన రాష్ట్రంలో కేంద్రం లెక్కలోకి వచ్చేవారు 2.68 కోట్ల మంది, ఆ సంఖ్య 2011 జనాభా లెక్కల మీద కట్టింది. మిగిలిన కార్డుల భారం రాష్ట్రానిది. కొత్తగా చేరే ప్రతి పేరు వెనుక ఆ లెక్క ఉంటుంది కనుక, చేర్పులు తెరవడానికి ప్రభుత్వాలు ఎందుకు తటపటాయిస్తాయో అర్థం చేసుకోగలను. ఆ తటపటాయింపును కాగితాల జాప్యం రూపంలో ఒక తల్లి మీద మోపడాన్ని మాత్రం సమర్థించలేను.

అక్టోబరు

హైదరాబాదులో ఉన్న మా ప్రాంతం కూలీల కోసం ఒక చిన్న సందేశం తయారుచేసి వాట్సాప్‌లో తిప్పాం. ఇక్కడి కార్డుతో అక్కడ దుకాణంలో బియ్యం తీసుకోవచ్చునని, ఇంటి దగ్గర ఉన్నవారి వంతు ఇక్కడే ఉంచి తమ వంతు అక్కడ తీసుకునే వీలుందని, కాదంటే ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ సహాయ నంబరు 14445కు ఫోను చేయవచ్చునని అందులో ఉంది. కార్డులోని బియ్యమంతా ఒక్కచోటే తీసుకోవాలనుకునేవారే ఎక్కువ. తిరిగి వచ్చిన ప్రశ్నలన్నీ ఈకేవైసీ గురించే: ఊరికి రాకుండా అక్కడే చేయించుకోవచ్చా అని. ఏ రేషన్ దుకాణంలోనైనా ఈపోస్ మీద చేయించుకోవచ్చునని చెప్పాం. కొన్నిచోట్ల డీలర్లు కాదన్నారు, అటువంటివారికి రేషన్ ఫిర్యాదుల నంబరు 1967 ఇచ్చాం.

ఆధార్ విషయంలో ఒక మంచి వార్త ఉంది. 7 నుంచి 15 ఏళ్ల పిల్లల బయోమెట్రిక్ నవీకరణకు ఈ నెల 1 నుంచి ఏడాదిపాటు రుసుము తీసేశారు. గోడ మీద రాసినదాన్ని మార్పించాం.

రిజిస్టరు రెండో పుస్తకంలోకి వచ్చింది. పక్క సచివాలయంవారు అదే గీతలతో తమ పుస్తకం పెట్టుకుంటామన్నారు, నమూనా ఇచ్చాం. కారణాల పత్రంలోని వాక్యాలనే ఫోను సందేశంగా పంపాలని కోరుతూ జిల్లా పౌర సరఫరాల కార్యాలయానికి వినతి ఇచ్చాం. సందేశంలో ఏ సభ్యుడు, ఏ శాఖ, ఏ కార్యాలయం అన్న మూడూ ఉండాలన్నదే అందులోని కోరిక. సందేశాల మాదిరి రాష్ట్ర స్థాయిలో ఖరారవుతుంది కాబట్టి పైకి పంపుతామన్నారు. రాష్ట్ర ప్రభుత్వపు ‘మన మిత్ర’ వాట్సాప్ సేవలో దరఖాస్తు స్థితి చూసుకునే వీలు ఇప్పటికే ఉంది. ఆ స్థితి కింద కారణం వివరంగా పెట్టడానికి పెద్ద ఖర్చు అక్కరలేదని ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిగా చెప్పగలను, ఎందుకంటే ఆ కారణం వ్యవస్థలో ఎలాగూ నమోదై ఉంది, డిజిటల్ అసిస్టెంట్ తెర దాటి బయటికి రావడమే మిగిలింది.

రవాణా శాఖ లేకుండా రెండో దిద్దుబాటు రోజు పెట్టడం వ్యర్థమని పెద్దాయన పట్టుబట్టారు. వారి తేదీ కోసం చూస్తున్నాం. ఈలోగా ఆర్సీ మారని కేసులను విడిగా తీసి, అమ్మిన కాగితం ఉన్నవి, లేనివి అని రెండు కట్టలుగా కడుతున్నాం. కాగితం లేనివారి విషయంలో కొన్నవారి జాడ తెలుసుకోవాలి, ఆ పని తమ్ముడు హైదరాబాదు వెళ్లినప్పుడు చేస్తానన్నాడు.